స్క్రీన్ టియరింగ్‌కి ఏది మందు: వీ-సింకా, ఎఫ్‌పీఎస్ క్యాపా, ఫ్రీసింకా?

ఊళ్లో గోడల మీద సినిమా వాల్‌పోస్టర్లు అతికించడం చూసే ఉంటారు. పెద్ద పోస్టర్ ఒకే కాగితంగా రాదు, ముక్కలుగా వస్తుంది, వాటిని తెల్లారకముందే తొందర తొందరగా జిగురు పూసి అతికించేస్తారు. అందులో ఒక ముక్క రెండు అంగుళాలు పక్కకి జరిగిందంటే హీరో కళ్లు ఒక చోట, మీసం ఇంకో చోట. గేమ్‌లో మౌస్ గబుక్కున తిప్పినప్పుడు ఎదురుగా ఉన్న స్తంభం నడుం దగ్గర విరిగి, పై సగం ఒక పక్కకి, కింది సగం ఇంకో పక్కకి జరిగినట్టు కనిపిస్తే అదే స్క్రీన్ టియరింగ్. మానిటర్‌కి ఏమీ కాలేదు, గ్రాఫిక్స్ కార్డుకీ ఏమీ కాలేదు, ఆ రెండిటికీ తాళం కుదరట్లేదు.

మానిటర్ బొమ్మని ఒక్క దెబ్బలో వెయ్యదు. పైనుంచి కిందికి వరస తర్వాత వరస గీసుకుంటూ వస్తుంది. 60 హెర్ట్జ్ (అంటే సెకనుకి 60 సార్లు గీసే) మానిటర్‌కి ఒక బొమ్మకి సుమారు 16.7 మిల్లీసెకన్లు, 144 హెర్ట్జ్‌కి 6.9, 240కి 4.2. అది సగం దాకా వచ్చేసరికి కార్డు కొత్త ఫ్రేమ్ (అంటే తర్వాతి బొమ్మ) తయారు చేసి ఇచ్చేస్తే, పై సగం పాత ఫ్రేమ్‌ది, కింది సగం కొత్త ఫ్రేమ్‌ది అవుతుంది. ఆ అతుకు దగ్గరే మనకి గీత కనిపిస్తుంది.

కాబట్టి ఏ సెట్టింగ్ పేరు విన్నా ఒక్క ప్రశ్న వేసుకోండి, ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారు అని. కార్డు మానిటర్ కోసం ఆగితే అది వీ-సింక్. మానిటర్ కార్డు కోసం ఆగితే అది ఫ్రీసింక్, జీ-సింక్. ఎవరూ ఆగకపోతే టియరింగ్. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా పేర్లన్నీ చూసి కంగారు పడక్కర్లేదు.

## ముందు ఇది టియరింగేనా చూసుకోండి

చాలామంది స్టట్టర్‌ని కూడా టియరింగ్ అనేస్తారు. బొమ్మ మధ్య మధ్యలో గతుకుల రోడ్డు మీద బండిలా ఆగి ఆగి కదిలితే అది స్టట్టర్. కదిలే వస్తువు వెనకాల నీడలా మరక వస్తే అది ఘోస్టింగ్, ప్యానెల్ నెమ్మదిగా స్పందించడం వల్ల వచ్చేది. అడ్డంగా గీత, ఆ గీతకి పైనా కిందా బొమ్మ జరిగి ఉంటేనే టియరింగ్. మూడిటికీ మందులు వేరు. ఇంకో సంగతి, టియరింగ్ స్క్రీన్‌షాట్‌లో రాదు, ఎందుకంటే స్క్రీన్‌షాట్ కార్డు దగ్గరున్న పూర్తి ఫ్రేమ్‌ని తీసుకుంటుంది, అతుకు పడేది మానిటర్‌కి వెళ్లే దారిలో. ఎవరికైనా చూపించాలంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి.

తర్వాత విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి రిఫ్రెష్ రేట్ ఎంతుందో చూడండి. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 144 హెర్ట్జ్ మానిటర్ కొనుక్కొచ్చి, పాత మానిటర్‌కి ఉన్న హెచ్‌డీఎంఐ కేబులే దీనికి తగిలించి, దాదాపు నాలుగు నెలలు 60 హెర్ట్జ్‌లోనే ఆడాను. టియరింగ్ పోవట్లేదు, కార్డు మార్చాలేమో అని టెన్షన్ పడ్డాను, పాత కార్డుకి ఎంతొస్తుందో కూడా కనుక్కున్నాను. చివరికి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వేసి విండోస్‌లో 144 ఎంచుకున్నాక, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అంతవరకు కనిపించని జీ-సింక్ పేజీ ప్రత్యక్షమైంది. కార్డు మార్చే అవసరమే రాలేదు. ఒక్క కేబుల్‌తో తీరిపోయే సమస్యకి వేలు ఖర్చు పెట్టేవాళ్లు ఇంకా ఉంటారనే ఇదంతా రాస్తున్నాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు, మీ ఆటలో ఎఫ్‌పీఎస్ (కార్డు సెకనుకి తయారు చేసే ఫ్రేముల సంఖ్య) మీ మానిటర్ హెర్ట్జ్‌కి పైన ఉంటోందా, కింద ఉంటోందా, లేక అటూ ఇటూ ఊగుతోందా. స్టీమ్‌లో ఎఫ్‌పీఎస్ కౌంటర్ ఉంటుంది, లేదంటే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ పెట్టుకోండి, అరగంట ఆడి చూడండి. ఇది తెలీకుండా ఎవరి సలహా విన్నా చీకట్లో బాణం వేసినట్టే. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 200 ఎఫ్‌పీఎస్ వచ్చేవాడికి పనిచేసే మందు, 45 ఎఫ్‌పీఎస్ వచ్చేవాడికి రోగం పెంచుతుంది.

రెండోది ఇన్‌పుట్ ల్యాగ్. మౌస్ కదిపినప్పటి నుంచి తెర మీద కదలిక కనిపించేదాకా పట్టే సమయం. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ లాంటి షూటర్లు (తుపాకీ ఆటలు) ఆడేవాళ్లకి ఇదే ప్రాణం. కథ ఉన్న ఆటలు, రేసింగ్, క్రికెట్ ఆడేవాళ్లు కొద్దిగా ఎక్కువైనా సర్దుకుపోగలరు, అందులోనూ కంట్రోలర్‌తో ఆడితే చాలావరకు తెలియనే తెలియదు.

మూడోది ఫ్రేములు సమానంగా వస్తున్నాయా లేదా. ల్యాగ్ లేదు, గీత లేదు, కానీ గతుకులు గతుకులుగా ఉంది అంటే అదీ తలనొప్పే.

ఇక డబ్బు, వేడి. వేడి అనేది చిన్న విషయం కాదు. మే నెలలో మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, కార్డు అనవసరంగా 300 ఎఫ్‌పీఎస్ తోస్తూ ఉంటే ఫ్యాన్ చప్పుడుకి పక్క గదిలో వాళ్లు కూడా లేస్తారు.

## ఏమీ చెయ్యకుండా వదిలెయ్యడం

ఇదీ ఒక ఎంపికే, చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. అన్నీ ఆఫ్ పెట్టి ఆడితే ల్యాగ్ అన్నిటికన్నా తక్కువ. గీతలు వస్తాయి, కానీ ఎంత కనిపిస్తాయి అన్నది ఎఫ్‌పీఎస్ మీద ఆధారపడి ఉంటుంది. లెక్క చూడండి: మీరు కెమెరాని సెకనుకి 1920 పిక్సెళ్ల వేగంతో తిప్పుతున్నారనుకుందాం. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేమ్‌కీ తర్వాతి ఫ్రేమ్‌కీ మధ్య బొమ్మ 32 పిక్సెళ్లు జరుగుతుంది, అంటే అతుకు దగ్గర 32 పిక్సెళ్ల తేడా, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే 240 ఎఫ్‌పీఎస్‌లో తేడా 8 పిక్సెళ్లే. పైగా 240 హెర్ట్జ్ మానిటర్ మీదైతే ఆ గీత నాలుగు మిల్లీసెకన్లలో చెరిగిపోతుంది. అందుకే 240 హెర్ట్జ్ వాడే షూటర్ ఆటగాళ్లు చాలామంది అన్నీ ఆఫ్ చేసి ఆడతారు, వాళ్లకి గీత కనిపించినా పట్టించుకోరు.

60 లేదా 75 హెర్ట్జ్ మానిటర్ మీద మాత్రం ఈ దారి కళ్లకి శిక్ష. షూటర్లు సీరియస్‌గా ఆడేవాళ్లు తప్ప ఎవరూ ఇలా వదిలెయ్యక్కర్లేదు.

## వీ-సింక్

పాత మందు, దాదాపు అన్ని ఆటల్లోనూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. మానిటర్ ఒక బొమ్మ పూర్తి చేసి మళ్లీ పైకి వెళ్లే ఆ చిన్న విరామంలోనే కార్డు కొత్త ఫ్రేమ్ ఇవ్వాలి, అంతవరకు పట్టుకుని కూర్చోవాలి. గీత నూటికి నూరు శాతం పోతుంది.

దీని ధర రెండు రకాలుగా కట్టాలి. మొదటిది ల్యాగ్. కార్డు వేగంగా ఉండి 60 హెర్ట్జ్ మానిటర్ కోసం ఆగుతూ ఉంటే, తయారైన ఫ్రేములు రేషన్ షాపు ముందు క్యూలా నిలబడతాయి. మీరు మౌస్ నొక్కిన ఫ్రేమ్ ఆ క్యూలో చివర్న ఉంటుంది. ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, ముందు ఇద్దరుంటే 33 మిల్లీసెకన్లు అదనం. మౌస్‌ని నీళ్లలో లాగుతున్నట్టు ఉందంటారే, అది ఇదే. 144 హెర్ట్జ్ మీద అదే క్యూ 14 మిల్లీసెకన్లే కాబట్టి బాధ తక్కువ.

రెండోది, కార్డుకి ఓపిక లేనప్పుడు. 60 హెర్ట్జ్‌లో ప్రతి ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. 18 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, బస్సు ఒక్క నిమిషంలో తప్పిపోయినట్టే, తర్వాతి బస్సు దాకా ఆగాలి. డబుల్ బఫరింగ్ (ఫ్రేములు పెట్టుకోవడానికి రెండే గదులు) వాడే ఆటల్లో, 55 ఎఫ్‌పీఎస్ ఇవ్వగలిగిన కార్డు కూడా అలా ఒక్కసారిగా 30కి పడిపోతుంది. ట్రిపుల్ బఫరింగ్ (మూడు గదులు) ఉన్న ఆటల్లో అంత పతనం ఉండదు గానీ, కొన్ని ఫ్రేములు ఒకసారి, కొన్ని రెండుసార్లు కనిపించి కదలిక కుంటుతుంది.

అంటే వీ-సింక్ ఎవరికి మంచిదంటే, కార్డు మానిటర్ హెర్ట్జ్ కన్నా ఎప్పుడూ పైనే ఉండగలిగి, షూటర్లు ఆడనివాళ్లకి. వాళ్లకి కూడా ఒక చిట్కా ఉంది. వీ-సింక్ ఆన్ పెట్టి, దానితో పాటు రివాట్యూనర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ అసలు రిఫ్రెష్ రేట్ కన్నా ఓ వెంట్రుకవాసి తక్కువకి క్యాప్ చేస్తే (అంతకు మించకుండా హద్దు పెడితే), క్యూ తయారే కాదు, ల్యాగ్ బాగా తగ్గుతుంది. అసలు రేట్ అంటే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో కనిపించే 59.94 లాంటి సంఖ్య, సరిగ్గా 60 కాదు. ఎందుకులే అని 58కి పెడితే మాత్రం సెకనుకి రెండు ఫ్రేములు రిపీట్ అవుతాయి, ఆ రెండు కుదుపులూ కళ్లకి తెలుస్తాయి.

## వీ-సింక్ చుట్టాలు

అడాప్టివ్ వీ-సింక్ అని ఎన్విడియా 2012లో తెచ్చింది. ఎఫ్‌పీఎస్ హెర్ట్జ్‌ని అందుకున్నంతసేపూ వీ-సింక్ ఆన్‌లో ఉంటుంది, కింద పడగానే దానంతట అదే ఆఫ్ అవుతుంది. 55 నుంచి 30కి పడిపోయే బాధ తప్పుతుంది, ఆ కాసేపు గీతలు వస్తాయి. పాత ఎన్విడియా కార్డు, 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకి ఉత్త వీ-సింక్ కన్నా ఇదే నయం.

ఫాస్ట్ సింక్ 2016లో జీటీఎక్స్ 1080తో పాటు వచ్చింది, ఏఎండీ వాళ్ల ఎన్‌హాన్స్‌డ్ సింక్ 2017లో. కార్డుని ఆగమనకుండా తన వేగంతో తయారు చెయ్యనిచ్చి, మానిటర్ అడిగినప్పుడు తాజాగా పూర్తయిన ఫ్రేమ్ మాత్రం ఇచ్చి మిగతావి పారేస్తాయి. గీత ఉండదు, క్యూ ఉండదు. ఎన్‌హాన్స్‌డ్ సింక్‌లో మాత్రం ఎఫ్‌పీఎస్ హెర్ట్జ్ కిందికి పడితే గీత రావచ్చు. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఇది నున్నగా కదలాలంటే ఎఫ్‌పీఎస్ హెర్ట్జ్‌కి రెండింతలైనా ఉండాలి. 60 హెర్ట్జ్ మీద 180, 200 వస్తుంటే బాగుంటుంది. 80, 90 దగ్గర ఊగుతుంటే ఏ ఫ్రేమ్ పారేస్తుందో ఏది ఉంచుతుందో తెలియక బొమ్మ వణుకుతుంది. 144 హెర్ట్జ్ మీద 300 పైగా ఎఫ్‌పీఎస్ నిలకడగా తెచ్చే కార్డులు ఎంతమంది దగ్గరున్నాయి? వేడి కూడా ఏమాత్రం తగ్గదు. పాత తేలికపాటి ఆటలు 60 హెర్ట్జ్ మీద ఆడేవాళ్లకి తప్ప ఇంకెవరికీ నేను దీన్ని చెప్పను.

## ఎఫ్‌పీఎస్ క్యాప్ ఒక్కటే

వీ-సింక్ లేకుండా, వీఆర్‌ఆర్ (ఫ్రీసింక్, జీ-సింక్ లాంటివి) లేకుండా, 60 హెర్ట్జ్ మానిటర్ మీద 60కి క్యాప్ పెడితే టియరింగ్ పోతుందని చాలా వీడియోల్లో చెబుతారు. పోదు. రెండు గడియారాలు ఒకే సమయం చూపించినా టిక్కులు ఒకేసారి పడవు కదా, అలాగే వేగం సమానమైనా మొదలు కలవదు. అందుకని గీత ఒకచోట నిలబడిపోతుంది, లేదా పైనుంచి కిందికి మెల్లగా పాకుతుంది. వందల గీతలు పోయి ఒకే గీత మిగులుతుంది, కొందరికి అదే ఎక్కువ చిరాకు.

అయినా క్యాప్ పెట్టుకోవడం మంచి అలవాటు, వేరే కారణాలకి. వేడి, చప్పుడు, కరెంటు తగ్గుతాయి, ఫ్రేములు సమానంగా వస్తాయి, మెనూ స్క్రీన్‌లో కార్డు ఊరికే పరిగెత్తదు. ఆటలోనే ఎఫ్‌పీఎస్ లిమిట్ ఉంటే అదే వాడండి, సాధారణంగా ల్యాగ్ దాంట్లోనే తక్కువ. లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 2020 జనవరి నుంచి మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఉంది, అది చాలు.

రివాట్యూనర్‌లో స్కాన్‌లైన్ సింక్ అని ఇంకొకటుంది. ఆ మిగిలిన ఒక్క గీతని తెర కింది అంచు దాటించి కనపడని విరామంలోకి నెట్టేస్తుంది. కార్డు మీద బరువు తక్కువున్నప్పుడు అద్భుతంగా పనిచేస్తుంది, ల్యాగ్ దాదాపు లేనట్టే. బరువు పెరిగితే గీత మళ్లీ తెర మీదికి దూకుతుంది. ప్రతి ఆటకీ సంఖ్య సరిచేసుకునే ఓపికున్నవాళ్లకి మాత్రమే.

## ఫ్రీసింక్, జీ-సింక్: మానిటరే ఆగడం

ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. కార్డు ఫ్రేమ్ ఎప్పుడిస్తే మానిటర్ అప్పుడు గీయడం మొదలుపెడుతుంది. ఆటలో 87 ఎఫ్‌పీఎస్ వస్తే మానిటర్ 87 హెర్ట్జ్‌లో, 61కి పడితే 61లో నడుస్తుంది. గీత ఉండదు, క్యూ ఉండదు, 55 నుంచి 30కి పడటం ఉండదు. దీన్ని మొత్తంగా వీఆర్‌ఆర్, అంటే వేరియబుల్ రిఫ్రెష్ రేట్ అంటారు.

ఎన్విడియా 2013 అక్టోబర్‌లో జీ-సింక్ ప్రకటించింది. దానికి మానిటర్ లోపల వాళ్ల సొంత బోర్డు కావాలి, అందుకే ఆ మానిటర్లు ఖరీదుగా ఉండేవి. మరుసటి ఏడాది, డిస్‌ప్లేల ప్రమాణాలు నిర్ణయించే వీసా (VESA) సంస్థ డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ లోనే అడాప్టివ్-సింక్ చేర్చింది, ఏఎండీ దాన్ని ఫ్రీసింక్ పేరుతో వాడింది, 2015లో మానిటర్లు వచ్చాయి. 2019 జనవరిలో ఎన్విడియా కూడా దిగివచ్చి, జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి అడాప్టివ్-సింక్ మానిటర్లకి సపోర్ట్ ఇచ్చింది, దాన్నే జీ-సింక్ కంపాటిబుల్ అంటారు. అప్పుడు 400 మానిటర్లు పరీక్షించి 12 మాత్రమే తమ ప్రమాణానికి నిలిచాయని చెప్పారు. ఆ జాబితాలో లేని మానిటర్ మీద కూడా కంట్రోల్ ప్యానెల్‌లో టిక్ పెట్టుకుని వాడొచ్చు, చాలావాటికి ఏ ఇబ్బందీ రాదు. కాబట్టి ఎన్విడియా కార్డు ఉందని జీ-సింక్ స్టిక్కర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

మానిటర్ కొనేటప్పుడు చూడాల్సింది వీఆర్‌ఆర్ రేంజ్, దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. 48 నుంచి 144 అని ఉంటే 48 కిందికి పడినా పరవాలేదు, ఎందుకంటే 40 ఎఫ్‌పీఎస్ వచ్చినప్పుడు ఒక్కో ఫ్రేమ్‌ని రెండుసార్లు చూపించి మానిటర్ 80లో నడుస్తుంది, దీన్ని ఎల్‌ఎఫ్‌సీ అంటారు. అది పనిచెయ్యాలంటే పై సంఖ్య కింది సంఖ్యకి రెండింతలైనా ఉండాలి. చవక మానిటర్లలో 48 నుంచి 75 అని ఉంటుంది, రెండింతలు లేదు, అంటే మీ కార్డు 45కి పడగానే టియరింగో స్టట్టరో మళ్లీ తలుపు తడుతుంది. బలహీనమైన కార్డు ఉన్నవాళ్లకే వీఆర్‌ఆర్ అవసరం ఎక్కువ, ఆ కార్డు ఉన్నవాళ్లే ఈ చవక మానిటర్ కొంటారు. అదే బాధ.

లోపాలు లేవని కాదు. వీఏ రకం ప్యానెళ్లలో, ఓలెడ్‌లలో ఎఫ్‌పీఎస్ బాగా ఊగినప్పుడు చీకటి సీన్లలో వెలుగు మిణుకు మిణుకుమంటుంది, లోడింగ్ స్క్రీన్ల మీద మరీను. ఐపీఎస్ రకం ప్యానెళ్లలో ఇది అరుదు. దీనికి పూర్తి మందు లేదు, ఎఫ్‌పీఎస్‌ని నిలకడగా ఉండేలా క్యాప్ చేస్తే తగ్గుతుంది. మానిటర్‌లో మోషన్ బ్లర్ తగ్గించే స్ట్రోబింగ్ మోడ్ ఉంటే, చాలా మానిటర్లలో వీఆర్‌ఆర్ ఆన్ చెయ్యగానే అది పనిచెయ్యదు.

## ఒక్క చూపులో

| పద్ధతి | గీత పోతుందా | ల్యాగ్ | ఎఫ్‌పీఎస్ హెర్ట్జ్ కిందికి పడితే | ఖర్చు |
|---|---|---|---|---|
| అన్నీ ఆఫ్ | పోదు | అన్నిటికన్నా తక్కువ | గీతలు పెద్దగా కనిపిస్తాయి | లేదు |
| వీ-సింక్ | పూర్తిగా | 60 హెర్ట్జ్ మీద ఎక్కువ | 30కి పతనం లేదా కుదుపులు | లేదు |
| వీ-సింక్, కొంచెం తక్కువ క్యాప్ | పూర్తిగా | మధ్యస్థం | అదే బాధ | లేదు |
| అడాప్టివ్ వీ-సింక్ | పైన ఉన్నంతసేపు | ఎక్కువ | గీతలు వస్తాయి | లేదు |
| ఫాస్ట్ సింక్ | పూర్తిగా | తక్కువ | కుదుపులు | లేదు, వేడి ఎక్కువ |
| క్యాప్ ఒక్కటే | పోదు, ఒకే గీత పాకుతుంది | తక్కువ | గీతలు | లేదు |
| స్కాన్‌లైన్ సింక్ | బరువు తక్కువుంటే | చాలా తక్కువ | గీత తెర మధ్యకి | లేదు, ఓపిక కావాలి |
| వీఆర్‌ఆర్, డ్రైవర్ వీ-సింక్, క్యాప్ | పూర్తిగా | తక్కువ | నున్నగానే ఉంటుంది | తగిన మానిటర్ |

## వీఆర్‌ఆర్ ఉన్నవాళ్లు ఇలా పెట్టుకోండి

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఫ్రీసింక్ ఆన్ చేశాను, అయినా తెర కింది భాగంలో అప్పుడప్పుడు గీత వస్తోంది అంటారు. రెండు కారణాలు. ఎఫ్‌పీఎస్ మానిటర్ గరిష్ఠ హెర్ట్జ్ దాటితే వీఆర్‌ఆర్ చేతులెత్తేస్తుంది. దాటకపోయినా, సగటు 140 ఉన్నా మధ్యలో ఒక ఫ్రేమ్ మరీ తొందరగా వచ్చేస్తే ఆ ఒక్కసారి అతుకు పడుతుంది.

మానిటర్ మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్-సింక్ ఆన్ చెయ్యండి. ఎన్విడియా అయితే కంట్రోల్ ప్యానెల్‌లో సెటప్ జీ-సింక్ పేజీలో టిక్, ఏఎండీ అయితే వాళ్ల ఎడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే ట్యాబ్. తర్వాత డ్రైవర్‌లో (ఎన్విడియా అయితే మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్‌లో) వర్టికల్ సింక్, అంటే వీ-సింక్ ఆన్, ఆట లోపల మాత్రం వీ-సింక్ ఆఫ్. వీ-సింక్ వద్దన్నావుగా అంటారేమో, ఇక్కడ దాని పని వేరు, ఆ తొందరపడిన ఒక్క ఫ్రేమ్‌ని ఆపడానికి కాపలాదారు, అంతే. క్యూ తయారుకాకుండా ఎఫ్‌పీఎస్‌ని గరిష్ఠ హెర్ట్జ్ కన్నా కనీసం 3 తక్కువకి క్యాప్ చెయ్యండి: 144కి 141, 165కి 162. ఆటలో రిఫ్లెక్స్ (ల్యాగ్ తగ్గించే ఎన్విడియా ఆప్షన్) ఉంటే, జీ-సింక్, డ్రైవర్ వీ-సింక్ రెండూ ఆన్‌లో ఉన్నప్పుడు అదే క్యాప్ వేసుకుంటుంది, 144 మానిటర్ మీద సుమారు 138 దగ్గర, 240 మీద సుమారు 225 దగ్గర ఆగుతుంది. ఎఫ్‌పీఎస్ 144 రావట్లేదేంటని కంగారు పడకండి, అది కావాలనే అలా చేస్తుంది.

కేబుల్ సంగతి మళ్లీ చెబుతున్నాను. ఎన్విడియా కార్డు, మామూలు ఫ్రీసింక్ మానిటర్ అయితే డిస్‌ప్లేపోర్టే వాడండి. పాత హెచ్‌డీఎంఐ మీద ఏఎండీ ఫ్రీసింక్ నడిపిస్తుంది గానీ ఎన్విడియా చాలా మానిటర్లకి నడిపించదు. హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్‌ఆర్ ఉన్న మానిటర్, టీవీ అయితే వేరే సంగతి.

## మరి మీరేం చెయ్యాలి

60 హెర్ట్జ్ పాత మానిటర్, వీఆర్‌ఆర్ లేదు, కార్డు బలంగా ఉంది: కథ ఆటలకి వీ-సింక్‌తో పాటు రివాట్యూనర్ క్యాప్. షూటర్లకి స్కాన్‌లైన్ సింక్ ప్రయత్నించండి, కుదరకపోతే అన్నీ ఆఫ్.

60 హెర్ట్జ్, కార్డు బలహీనం, 40, 50 దగ్గర ఊగుతోంది: ముందు గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గించండి, నీడలు, రిఫ్లెక్షన్లు మొదట. 60 నిలబడకపోతే 30కి క్యాప్ పెట్టి వీ-సింక్ వెయ్యడం, లేదా అడాప్టివ్ వీ-సింక్. నిలకడగా 30 ఉన్న ఆట, 40కి 58కి మధ్య ఊగే ఆట కన్నా కళ్లకి సుఖంగా ఉంటుంది, ముఖ్యంగా కంట్రోలర్ మీద. డబ్బులు కూడినప్పుడు మొదట మార్చాల్సింది కార్డు కాదు, మానిటర్. ఆ బలహీనమైన కార్డునే వీఆర్‌ఆర్ ఉన్న మానిటర్‌కి పెట్టి చూడండి, 50 ఎఫ్‌పీఎస్ కూడా ఎంత మెత్తగా కదులుతుందో.

144 లేదా 165 హెర్ట్జ్, ఫ్రీసింక్ ఉంది: పైన చెప్పిన మూడూ (వీఆర్‌ఆర్, డ్రైవర్ వీ-సింక్, క్యాప్) కలిపి పెట్టేసి ఇక మర్చిపోండి. షూటర్లు ఆడేవాళ్లు కూడా ముందు ఇలాగే ఒక వారం ఆడండి, ఆ కొద్ది మిల్లీసెకన్ల తేడా నిజంగా మీ చేతికి తెలిస్తేనే అన్నీ ఆఫ్ చెయ్యండి.

240 హెర్ట్జ్ మీద ర్యాంక్ కోసం ఆడేవాళ్లు: మీ ఇష్టం. ఎఫ్‌పీఎస్ 400 పైన ఉంటే ఆఫ్ పెట్టండి, 200 దగ్గర ఊగుతుంటే వీఆర్‌ఆర్.

కొత్త మానిటర్ కొనబోయేవాళ్లు: ఐపీఎస్, 144 లేదా అంతకన్నా ఎక్కువ, 48 నుంచి మొదలయ్యే వీఆర్‌ఆర్ రేంజ్, డిస్‌ప్లేపోర్ట్ ఉండాలి. పెట్టెలో ఏ కేబుల్ ఇస్తున్నారో షాపులోనే తెరిపించి చూడండి.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఒక చిక్కు. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో తెర ఎన్విడియా చిప్‌కి నేరుగా కాకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ద్వారా వెళ్తుంది, అప్పుడు జీ-సింక్ కనిపించదు. మక్స్ స్విచ్ (తెరని నేరుగా ఎన్విడియా చిప్‌కి కలిపే ఏర్పాటు) ఉంటే తయారీ కంపెనీ యాప్‌లోనో బయోస్‌లోనో డిస్క్రీట్ మోడ్‌కి మార్చండి, కొన్నిటిలో రీస్టార్ట్ చెయ్యాలి, బ్యాటరీ తొందరగా అయిపోతుంది గానీ ప్లగ్‌లో పెట్టి ఆడేటప్పుడు పరవాలేదు. స్విచ్ లేకపోతే, ఆ తెర ఫ్రీసింక్ తెరేనేమో ప్రాసెసర్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో చూడండి. బయటి మానిటర్ తగిలిస్తే ఏ పోర్టు ఎన్విడియా చిప్‌కి కలిపారో కూడా చూసుకోవాలి, అన్నీ కలపరు.

లినక్స్ మీద ఎక్స్11 (పాత డిస్‌ప్లే వ్యవస్థ) వాడుతూ డెస్క్‌టాప్ మీద కూడా గీతలు వస్తుంటే, వేలాండ్ సెషన్‌కి మారితే చాలామందికి అక్కడితో సరి. ఏఎండీ కార్డుతో ఎక్స్11లోనే ఉండాలంటే టియర్‌ఫ్రీ ఆప్షన్ ఉంది. విండోస్‌లో బోర్డర్‌లెస్ విండోలో ఆడితే విండోలన్నిటినీ కలిపి తెర మీద చూపించే విండోస్ వ్యవస్థే గీతని మింగేస్తుంది, ఫుల్‌స్క్రీన్‌కి మార్చగానే గీతలొచ్చే పాత ఆటలకి ఇది తేలిక మార్గం, కొద్దిగా ల్యాగ్ వస్తుంది. విండోస్ 11లో గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో విండో ఆటల ఆప్టిమైజేషన్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే ఆ ల్యాగ్ కూడా తగ్గుతుంది.

పీఎస్5 టీవీకి పెట్టుకున్నవాళ్లకి 2022 ఏప్రిల్‌లో వీఆర్‌ఆర్ వచ్చింది, 48 నుంచి 120 రేంజ్‌లో. టీవీకి హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్‌ఆర్ ఉండాలి, కన్సోల్‌ని టీవీలో ఆ సపోర్ట్ ఉన్న పోర్టుకే తగిలించాలి, చాలా టీవీల్లో నాలుగు పోర్టుల్లో ఒకటీ రెండిటికే అది ఉంటుంది.

అన్నీ పెట్టాక పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఎన్విడియా పెండ్యులమ్ డెమో ఉచితంగా దొరుకుతుంది. లేదా మానిటర్ సొంత మెనూలో రిఫ్రెష్ రేట్ చూపించే ఆప్షన్ ఆన్ చెయ్యండి. ఆటలో ఆ సంఖ్య ఎఫ్‌పీఎస్‌తో పాటు 92, 88, 101 అని మారుతూ ఉంటే వీఆర్‌ఆర్ నడుస్తున్నట్టు, 144 దగ్గర కదలకుండా ఉంటే ఎక్కడో ఒక టిక్ మిగిలిపోయినట్టు. అప్పుడు అదే స్తంభం ముందుకెళ్లి మౌస్ గట్టిగా అటూ ఇటూ తిప్పి చూడండి.